వైట్ స్పాట్: మచ్చలు రాలాయని మందు ఆపకండి

అక్వేరియం చేపలకు వచ్చే తెల్ల మచ్చల జబ్బు వైట్ స్పాట్. అది పట్టిన తొట్టిలో మందు వేసిన మూడో రోజుకో నాలుగో రోజుకో చేపల ఒంటిమీది తెల్ల మచ్చలు ఉన్నట్టుండి పోతాయి. చాలామంది మందు ఆపేసేది సరిగ్గా అప్పుడే. వారం తిరక్కుండా మచ్చలు మళ్లీ వస్తాయి, ఈసారి అంతకు ఎన్నో రెట్లు. మందు నకిలీదని, నీళ్లు పడలేదని, ఆ జాతి చేపలే అంతని ఏవేవో కారణాలు చెప్పుకుంటారు. నిజానికి మందు పనిచేయడం మొదలయ్యే సమయానికే దాన్ని ఆపేశారు.

ఈ జబ్బు తెచ్చేది ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలిస్ అనే ఏకకణ పరాన్నజీవి. చేప మీద మనకు కనిపించే మచ్చ పైపైన అంటుకున్నది కాదు. అది చర్మం పైపొర కిందికి దూరి, అక్కడి కణాల్ని తింటూ, గుండ్రంగా తిరుగుతూ పెరుగుతుంటుంది. బాగా పెరిగితే ఒక మిల్లీమీటరు దాకా ఉంటుంది. దానిమీద చేప చర్మమూ, జిగురూ కప్పి ఉంటాయి కాబట్టి నీళ్లలో కలిపే మామూలు మందులు దాన్ని తాకలేవు. ఎదిగాక అది చర్మం చీల్చుకుని బయటికొచ్చి, అడుగున ఇసుకకో, రాయికో, మొక్క ఆకుకో, అద్దానికో అంటుకుని చుట్టూ జిగురు గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లోకీ మందు సరిగ్గా ఎక్కదు. లోపల అది రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా విడిపోతూ వందల పిల్లలవుతుంది, ఒక్కోసారి వెయ్యి దాకా. గూడు పగిలాక ఆ పిల్లలు ఈదుకుంటూ చేపను వెతుక్కుంటాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. మందుకు దొరికేది ఈదుతున్న ఈ పిల్లలే.

అంటే మచ్చలు రాలిన రోజున పరాన్నజీవి చావలేదు, అడుక్కి దిగి పిల్లలు పెడుతోంది. ఆ పిల్లలు బయటికొచ్చే వేళకు నీళ్లలో మందు ఉండాలి. ఇదే లెక్కన మందు మొదలుపెట్టిన మొదటి ఒకటి రెండు రోజులు మచ్చలు పెరిగినట్టు కనిపించినా కంగారు పడక్కర్లేదు. అవి అప్పటికే చర్మం కింద ఉన్నవి, కంటికి ఆనేంత ఇప్పుడు ఎదిగాయి. మోతాదు రెట్టింపు చేసి చేపల్ని చంపుకునేది ఎక్కువగా ఈ రెండు రోజుల్లోనే.

ఎన్ని రోజులు వేయాలన్నది నీళ్ల వేడిని బట్టి ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర ఈ చక్రమంతా 3 నుంచి 6 రోజుల్లో తిరుగుతుంది. 10 డిగ్రీల చల్లటి నీళ్లలో నెల దాటినా ఆశ్చర్యం లేదు. సీసా మీద "మూడు రోజులు వేయండి" అని రాసి ఉంటే అది వెచ్చటి నీళ్ల మాట. చివరి మచ్చ కనిపించిన రోజు నుంచి లెక్కపెట్టి, వెచ్చటి నీళ్లలో కనీసం ఇంకో వారం, 20 డిగ్రీల లోపైతే రెండు వారాలకు తగ్గకుండా వైద్యం సాగాలి.

ముందు జబ్బేదో తేల్చుకోండి

వైట్ స్పాట్ మచ్చలు ఉప్పు రవ్వల్లా విడివిడిగా, ఇంచుమించు ఒకే సైజులో ఉంటాయి. వెల్వెట్ అనే మరో పరాన్నజీవి జబ్బు అయితే పొడి చల్లినట్టు చాలా సన్నగా, పసుపు బంగారు రంగులో ఉంటుంది. లైట్లన్నీ ఆర్పి, టార్చిని చేప పక్కనుంచి ఏటవాలుగా వేస్తే ఆ పొడి మెరుస్తుంది, నేరుగా వేస్తే కనపడదు. మగ గోల్డ్ ఫిష్‌కు ఈడు వచ్చినప్పుడు మొప్పల మూతల మీద, ముందు రెక్కల మొదటి ముల్లు వెంబడి తెల్ల చుక్కలు వరసగా వస్తాయి. అది జబ్బు కాదు, దానికి మందు వేయకండి. ఎపిస్టైలిస్ అనే మరో జీవి కూడా తెల్లగానే ఉంటుంది గానీ, బూజు కుచ్చులా పైకి లేచి, సైజులు ఎక్కువ తక్కువగా ఉంటాయి. నీళ్లు వేడి చేస్తే అది ఇంకా ముదురుతుంది.

మచ్చలేమీ లేకుండా చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంటే, ఒక పక్క మొప్ప మూసుకుని ఒక్కదాంతోనే ఊపిరి తీస్తుంటే, ఒంటిమీద జిగురు పొరలా కడుతుంటే ఫ్లూక్ పురుగుల్ని అనుమానించాలి. అయితే మచ్చలు లేకపోయినంత మాత్రాన వైట్ స్పాట్ కాదనీ చెప్పలేం. కొన్నిసార్లు అది మొప్పల్లోనే ఉండి, బయట ఒక్క చుక్కా చూపకుండా చేపను చంపేస్తుంది.

సందేహం తీరాలంటే మైక్రోస్కోపే దారి. 40 నుంచి 100 రెట్లు చూపేది చాలు. తడి చేత్తో చేపను పట్టుకుని, కవర్ స్లిప్ (స్లైడు మీద కప్పే పల్చటి గాజు ముక్క) అంచుతో ముందు రెక్క వెనక భాగాన తల నుంచి తోక వైపుకు ఒక్కసారి మెల్లగా గీకాలి. తోక నుంచి తల వైపుకు గీకితే పొలుసులు లేస్తాయి. వచ్చిన జిగురును స్లైడు మీద తొట్టి నీళ్ల బొట్టులో పెట్టి వెంటనే చూడాలి. ఆరిపోతే, కుళాయి నీళ్లు కలిస్తే జీవులు చచ్చి గుర్తు దొరకదు. వైట్ స్పాట్ జీవి నల్లగా గుండ్రంగా, ఒళ్లంతా సన్నటి వెంట్రుకలతో మెల్లగా దొర్లుతూ కనిపిస్తుంది. ఎదిగినదాంట్లో గుర్రపు నాడా ఆకారంలో కేంద్రకం ఉంటుంది. అది కనిపిస్తే ఇక వేరే రుజువు అక్కర్లేదు. పళ్లెంలా గుండ్రంగా, గిరగిరా తిరిగేది ట్రైకోడైనా అనే మరో పరాన్నజీవి. పొడుగ్గా ఉండి, ఒక చివర కొక్కేలతో పట్టుకుని, రెండో చివర సాగుతూ ముడుచుకుంటూ ఉండేది ఫ్లూక్.

ఏ చేపను తీయాలి?

మచ్చలున్న చేపను మాత్రమే తీసి వేరే తొట్టిలో వేసి, అసలు తొట్టిని అలాగే వదిలేయడం సగం పనే. ఒక చేపకు మచ్చ కనిపించేటప్పటికే అడుగున గూళ్లు ఉంటాయి. మిగతా చేపల మొప్పల్లోనూ ఉండొచ్చు. కాబట్టి దారులు రెండే: చేపలన్నింటినీ క్వారంటైన్ తొట్టికి మార్చి అసలు తొట్టిని చేపలు లేకుండా ఉంచడం, లేదా అసలు తొట్టికే వైద్యం చేయడం. మొక్కలు, నత్తలు, రొయ్యలు ఉంటే మొదటిదే మేలు. చేపలు లేని తొట్టిలో పుట్టిన పిల్లలు తిండి దొరక్క ఒకటి రెండు రోజుల్లో పోతాయి. 25, 26 డిగ్రీల దగ్గర వారంలో తొట్టి శుభ్రపడుతుంది, రెండు వారాలు ఉంచితే నిశ్చింత. ఆ రోజుల్లో చేపలు లేకపోయినా ఫిల్టర్ ఆపకూడదు. అందులోని బ్యాక్టీరియా బతకడానికి చిటికెడు మేత రోజూ వేస్తుండాలి.

క్వారంటైన్ తొట్టికి ఆర్భాటం అక్కర్లేదు. చిన్న చేపలకు 40 నుంచి 60 లీటర్ల అద్దపు తొట్టి, మూత, హీటర్, విడిగా ఒక థర్మామీటర్, ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు. అడుగున ఇసుక, రాళ్లు వేయొద్దు. రాయి కొన్ని మందుల్ని పీల్చేసుకుంటుంది, పైగా ఇసుక ఉంటే గూళ్లు దాక్కుంటాయి. అడుగు బోసిగా ఉంటే రోజూ అద్దం తుడిచి సైఫన్ పెట్టి చాలా గూళ్లను మందుతో పనిలేకుండానే బయటికి లాగేయొచ్చు. వల, సైఫన్ గొట్టం, బకెట్ ఈ తొట్టికి వేరుగా ఉండాలి. ఎయిర్ స్టోన్ బుడగలు పగిలినప్పుడు ఎగిరే తుంపరలతో కూడా పరాన్నజీవులు పక్క తొట్టికి చేరగలవు. అందుకే మూతా, ఎడమూ రెండూ కావాలి.

ఇక్కడ చేపల్ని చంపేది జబ్బు కన్నా వాటి వ్యర్థాల నుంచి నీళ్లలో చేరే అమ్మోనియానే ఎక్కువ. కొత్త స్పాంజిలో దాన్ని తినే బ్యాక్టీరియా ఉండదు, అది తయారయ్యేసరికి నెల పడుతుంది. ఒక స్పాంజిని ఎప్పుడూ అసలు తొట్టి ఫిల్టర్‌లో అదనంగా పెట్టి ఉంచుకుంటే అవసరం పడ్డ రోజున తీసి వాడుకోవచ్చు. వాడాక దాన్ని మళ్లీ అసలు తొట్టిలో పెట్టకూడదు. అమ్మోనియాను రోజూ కొలవాలి. మొత్తం అమ్మోనియా లీటరుకు 0.25 మి.గ్రా. దాటితే సగం నీళ్లు మార్చాలి. పీహెచ్ కూడా చూసుకోవాలి: 25 డిగ్రీల్లో పీహెచ్ 7 ఉంటే ఆ అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం 0.6 శాతం లోపే, పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. ఫార్మలిన్ మందు వేసిన నీళ్లలో నెస్లర్ రకం అమ్మోనియా టెస్టు కిట్ తప్పు అంకె చూపిస్తుంది, దాన్ని నమ్మి మోసపోకండి. మేత సగానికి తగ్గించి, ఐదు నిమిషాల్లో తినకుండా మిగిలింది తీసేయండి.

నీళ్ల లెక్క, ఉప్పు, వేడి

మోతాదు తప్పడానికి ముఖ్య కారణం తొట్టి సైజును కొన్నప్పుడు చెప్పిన లీటర్లతో లెక్కేయడం. పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడూ హెచ్చవేసి 1000తో భాగించండి. అద్దం ఎత్తు కాదు, నీటి ఎత్తు. 60 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, నీళ్లు 30 ఎత్తున ఉంటే 54 లీటర్లు. అసలు తొట్టిలోనే వైద్యం చేస్తుంటే ఇసుక, రాళ్లు ఆక్రమించిన చోటు తీసేయాలి.

ఉప్పుతో మొదలుపెట్టడం నాకు ఇష్టం. లీటరుకు 3 గ్రాములు, అంటే పై తొట్టికి 162 గ్రాములు. వేరే రసాయనాలు కలపని మామూలు సోడియం క్లోరైడ్ కావాలి. ఒకేసారి కుమ్మరించొద్దు. దాన్ని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని మగ్గులో తొట్టి నీళ్లతో పూర్తిగా కరిగించి, 12 గంటలకొకటి చొప్పున ఎయిర్ స్టోన్ దగ్గర మెల్లగా పోయాలి. కరగని గింజ చేప మీద పడితే చర్మం కాలుతుంది. ఉప్పు ఆవిరైపోదు కాబట్టి ఇంకిన నీళ్లకు బదులు ఉత్త నీళ్లే పోయాలి. నీళ్లు మార్చినప్పుడు మాత్రం తీసినంతకే ఉప్పు కలపాలి: పై తొట్టిలో పావు వంతు, అంటే 13.5 లీటర్లు తీస్తే 40 గ్రాములు. ఈ ఒక్క లెక్క తప్పి వారం తిరిగేసరికి లీటరుకు 5, 6 గ్రాములకు చేర్చేవాళ్లు చాలామంది.

ఉప్పు వల్ల ఇంకో లాభముంది. మంచినీటి చేప రక్తంలో ఉండే ఉప్పు చుట్టూ ఉన్న నీళ్లకన్నా చాలా ఎక్కువ. పరాన్నజీవులు చీల్చిన చర్మం గుండా లోపలి ఉప్పు బయటికి కారి, బయటి నీళ్లు లోపలికి చొరబడతాయి. నీళ్లలో ఉప్పుంటే ఆ తేడా తగ్గి చేపకు శ్రమ తగ్గుతుంది. లోచ్‌లు, కోరీడోరాస్ వంటి అడుగు చేపలు ఉప్పును అంతగా ఓర్వవు. వాటికి లీటరుకు 1 గ్రాముతో మొదలుపెట్టి గమనిస్తూ పోవాలి. మొక్కలున్న తొట్టిలో ఉప్పు ఊసే వద్దు.

వేడి కూడా మందే, కానీ సగం వేడి పనికిరాదు. 30 డిగ్రీల దగ్గర చాలా వైట్ స్పాట్ రకాలు పెరగలేవు. 28 దగ్గర ఆపితే చక్రం వేగంగా తిరుగుతుంది తప్ప ఆగదు. రోజుకు 2 డిగ్రీల చొప్పున పెంచి, 30 దగ్గర 10 రోజులు నిలపాలి. హీటర్ మీది అంకెను నమ్మకుండా విడి థర్మామీటర్‌తో తొట్టి రెండు చివర్లా చూడండి. నీళ్లు వేడెక్కిన కొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది: 25 డిగ్రీల్లో లీటరుకు 8.3 మి.గ్రా. దాకా కరిగేది 30 దగ్గర 7.6కు పడిపోతుంది. మొప్పలు దెబ్బతిన్న చేపకు ఆ కాస్త తేడా చాలా ఎక్కువ, కాబట్టి రెండో ఎయిర్ స్టోన్ తప్పనిసరి. గోల్డ్ ఫిష్ వంటి చల్లని నీటి చేపలకు ఈ పద్ధతి వద్దు. వేడికి తట్టుకునే వైట్ స్పాట్ రకాలూ ఉన్నాయి గనక నాలుగైదు రోజులకూ కొత్త మచ్చలు వస్తూనే ఉంటే మందుకు మారాలి.

మందులు

ఫార్మలిన్, మలకైట్ గ్రీన్ కలిసిన సీసాలే ఎక్కువ దొరుకుతాయి. గాఢత ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, ఆ సీసా మీదున్న మోతాదే పాటించాలి. విడిగా 37 శాతం ఫార్మలిన్ వాడితే 40 లీటర్లకు 1 మి.లీ., రోజు విడిచి రోజు, ప్రతిసారీ ముందుగా సగం దాకా నీళ్లు మార్చి. ప్రతి 5 మి.గ్రా. ఫార్మలిన్‌కు నీళ్లలో సుమారు 1 మి.గ్రా. ప్రాణవాయువు తరిగిపోతుంది. ఈ లెక్కన పై మోతాదుకు గాలి సరఫరా జోరుగా లేకపోతే ఎంత ప్రమాదమో ఊహించుకోవచ్చు. ఫార్మలిన్‌నూ 30 డిగ్రీల వేడినీ ఒకేసారి వాడకండి. సీసా అడుగున తెల్లటి మడ్డి పేరుకుని ఉంటే అది పారాఫార్మాల్డిహైడ్, చేపలకు తీవ్రమైన విషం, ఆ సీసా పక్కన పెట్టేయాలి. చేతికి గ్లౌజులు, గదికి గాలి తప్పవు. తినే చేపలకు మలకైట్ గ్రీన్ ఎన్నడూ వాడకూడదు. టెట్రాలు, లోచ్‌ల వంటి సున్నితమైన వాటికి సగం మోతాదుతో మొదలుపెట్టడం మంచిది.

మందు వేసేముందు ఫిల్టర్‌లోంచి యాక్టివేటెడ్ కార్బన్ తీసేయాలి, యూవీ లైటు ఆర్పేయాలి. ఒకటి మందును పీల్చేస్తుంది, రెండోది విడగొడుతుంది. మందు వేశాక మొదటి గంట పక్కనే ఉండండి. ఒక చేపను ఎంచుకుని నిమిషానికి మొప్ప ఎన్నిసార్లు ఆడుతోందో మందుకు ముందోసారి, పావుగంటకోసారి లెక్కపెట్టి రాసుకోండి. అది అమాంతం పెరిగినా, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నా, ఒరిగి ఈదుతున్నా సగం నీళ్లు వెంటనే మార్చి, కార్బన్ పెట్టేయాలి.

వెల్వెట్‌కు రాగి మందు. స్వేచ్ఛగా ఉండే రాగి లీటరుకు 0.15 నుంచి 0.20 మి.గ్రా. మధ్య నిలవాలి. తక్కువైతే పనిచేయదు, కాస్త ఎక్కువైతే చేప పోతుంది, అందుకే టెస్టు కిట్ లేకుండా రాగి జోలికి వెళ్లొద్దు. రాగిని వేరే రసాయనంతో బంధించి అమ్మే చిలేటెడ్ రకానికి ఈ అంకెలు వర్తించవు. నీటి ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) లీటరుకు 50 మి.గ్రా. కన్నా తక్కువుంటే రాగి సల్ఫేట్ అసలు వాడకూడదు. అమ్మోనియాను కట్టడి చేసే కండిషనర్లను రాగితో కలిపితే విషం పెరుగుతుంది. వెల్వెట్ జీవి కొంత వెలుతురుతోనూ బతుకుతుంది గనక తొట్టికి గుడ్డ కప్పి లైటు ఆర్పితే మందుకు తోడవుతుంది. రొయ్యలకు, నత్తలకు రాగి ప్రాణాంతకం.

ఫ్లూక్‌లకు ప్రాజిక్వాంటెల్, లీటరుకు 2 నుంచి 3 మి.గ్రా. ఇది నీళ్లలో సులువుగా కరగదు, పొడిని నేరుగా చల్లితే తేలుతూ ఉండిపోతుంది. కొద్దిపాటి నీళ్లలో బాగా గిలక్కొట్టి పోయాలి. గుడ్లకు ఈ మందు అంటదు కాబట్టి, వెచ్చటి నీళ్లలో వారం లోపు రెండో విడత తప్పదు. మలద్వారం నుంచి ఎర్రటి దారపు పోగుల్లా వేలాడేది కమలానస్ పురుగు. దానికి ప్రాజిక్వాంటెల్ పనిచేయదు, లెవామిసోల్ వాడాలి: లీటరుకు 2 మి.గ్రా., 24 గంటలు, చీకట్లో. మందు పురుగును చంపదు, పట్టు వదిలిస్తుంది. మర్నాడు అడుగంతా సైఫన్ చేయకపోతే రాలినవాటిని చేపలే మళ్లీ తింటాయి. రెండు మూడు వారాలకు ఇంకోసారి చేయాలి. పొట్ట లోపలికి పోయి, తెల్లటి జిగురు దారంలా మలం వస్తుంటే పేగుల్లోని హెక్సమైటా జాతి జీవులు కావచ్చు. చేప ఇంకా తింటుంటే మెట్రోనిడజోల్ మేతలో కలిపి పెట్టడమే ఉత్తమం, తినడం మానేస్తే 40 లీటర్లకు 250 మి.గ్రా. చొప్పున రోజుకోసారి నీళ్లలో, 5 రోజులు.

సముద్రపు చేపల తెల్ల మచ్చ వేరే జీవి, క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్. పైన చెప్పిన ఉప్పు, వేడి దానికి చెల్లవు. రాగి గానీ, చేపల్ని 72 గంటలకోసారి, పూర్తిగా ఆరబెట్టిన వేరే తొట్టిలోకి మార్చడం గానీ దాని వైద్యం. దాని గూళ్లు చాలాకాలం ఆగగలవు కాబట్టి అసలు తొట్టిని 76 రోజులు చేపల్లేకుండా ఉంచడం పెంపకందార్ల అలవాటు.

కొత్త చేపలు వచ్చినప్పుడు

"వైట్ స్పాట్ ఎప్పుడూ నీళ్లలో ఉంటుంది, చేప నీరసిస్తే బయటపడుతుంది" అనే మాట తరచు వినిపిస్తుంది. చేప లేకుండా అది బతకలేదు, ఎవరో తెస్తేనే వస్తుంది. కాకపోతే ఒకసారి జబ్బు పడి లేచిన చేపకు కొంత రోగనిరోధక శక్తి వచ్చి, మొప్పల్లో నాలుగైదు జీవుల్ని మోస్తూ పైకి ఆరోగ్యంగా ఉండగలదు. పాతవన్నీ బాగున్న తొట్టిలో కొత్త చేప ఒక్కటే జబ్బు పడటం వెనక కొన్నిసార్లు ఉండేది ఇదే. వెల్లుల్లి మేతతో ఈ జీవులు చావవు, ఆకలి కాస్త పెరుగుతుందేమో అంతే.

కొత్త చేపల్ని 4 వారాలు క్వారంటైన్‌లో ఉంచాలి. సంచి నీళ్లు తొట్టిలో కలవకూడదు, వలతో చేపనే మార్చాలి. మొదటి వారం మందులేవీ వేయకుండా తినడం, ఊపిరి, మలం గమనిస్తే చాలు. ప్రయాణంలో అలిసిన చేపకు వచ్చిన రోజే రాగి వేయడం నాకు సమ్మతం కాదు. రెండో వారంలో ప్రాజిక్వాంటెల్, వారం లోపు మళ్లీ ఒకసారి. మధ్యలో ఇంకో చేపను వేసినా, ఏ లక్షణం కనిపించినా 4 వారాల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మొక్కలు, నత్తలతో కూడా గూళ్లు రావచ్చు. వాటిని చేపలు లేని నీళ్లలో 25 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచితే సరిపోతుంది.

రోజువారీ పని అసలు తొట్టితో మొదలై క్వారంటైన్‌తో ముగియాలి, ఎన్నడూ తిరగేసి కాదు. పనయ్యాక చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి. వైద్యం ముగిశాక తొట్టినీ సామాన్లనూ 5 శాతం బ్లీచ్ ద్రావణం లీటరు నీళ్లకు 4 మి.లీ. చొప్పున కలిపిన దాంట్లో గంటసేపు నానబెట్టాలి. దానికి ముందు ఫార్మలిన్ జాడ లేకుండా కడగండి, ఆ రెండూ కలవకూడదు. తర్వాత బాగా కడిగి, డీక్లోరినేటర్ (క్లోరిన్ పోగొట్టే మందు) కలిపిన నీళ్లలో ముంచి తీసి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. వల ముడుల్లో తడి ఉండిపోతుంది, పైకి ఆరినట్టు కనిపించినా ఇంకో రోజు ఉంచండి.